సొంత నేల కోసం సాగిన గూడుబండి: చార్లెస్ ఇంగాల్స్ జీవితం

అమెరికా పశ్చిమ మైదానాలకు వలస వెళ్లిన లక్షలాది సామాన్య రైతుల్లో చార్లెస్ ఇంగాల్స్ ఒకరు. ఆయన ఏ యుద్ధమూ గెలవలేదు, ఏ గనీ కనుగొనలేదు, మరణించే నాటికి పెద్దగా ఆస్తి కూడా మిగల్చలేదు. కీర్తి మాత్రం మరణానంతరం మూడు దశాబ్దాలకు ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. 1932లో ఆయన రెండవ కుమార్తె లారా ఇంగాల్స్ వైల్డర్ 65 ఏళ్ల వయసులో ‘లిటిల్ హౌస్ ఇన్ ది బిగ్ వుడ్స్’ అనే పిల్లల నవలను ప్రచురించారు. దాని తరువాతి భాగాలు, వాటి ఆధారంగా 1974 నుంచి 1983 వరకు ప్రసారమైన టెలివిజన్ ధారావాహిక ఆయనను ప్రపంచమెరిగిన తండ్రిగా నిలబెట్టాయి. ఎవరి సాయమూ కోరని, తన రెక్కల కష్టంతోనే కుటుంబాన్ని పోషించుకున్న స్వతంత్ర రైతుగా పాఠకుల మనసుల్లో ఆయన రూపం స్థిరపడింది. జనాభా లెక్కలు, భూమి దస్తావేజులు, జిల్లా కార్యాలయాల పుస్తకాలు చెప్పే కథ అంత సూటిగా లేదు.

చార్లెస్ 1836 జనవరి 10న న్యూయార్క్ రాష్ట్రంలోని క్యూబా అనే ఊరిలో జన్మించారు. తల్లిదండ్రులు లాన్స్‌ఫర్డ్, లారా కోల్బీ. పది మంది సంతానం గల ఆ కుటుంబం ఆయన బాల్యంలోనే ఇల్లినాయికి, అక్కడి నుంచి 1853లో విస్కాన్సిన్‌లోని కాంకర్డ్‌కు తరలింది. 1857 నాటి ఆర్థిక సంక్షోభం తరువాతి సంవత్సరాల్లో అప్పు తీర్చలేక తండ్రి ఆ భూమిని పోగొట్టుకున్నారు. నేల కోసం దేశం మీద పడడం, అప్పుతో దానిని వదులుకోవడం కొడుకుకు వారసత్వంగా వచ్చిన అనుభవాలే.

కాంకర్డ్‌లోనే 1860 ఫిబ్రవరి 1న ఆయన కారొలైన్ క్వైనర్‌ను వివాహమాడారు. ఆమె తండ్రి 1845లో మిషిగన్ సరస్సులో మునిగి మరణించగా, తల్లి పిల్లలను కష్టాలతో పెంచారు. పెళ్లికి ముందు కారొలైన్ ఉపాధ్యాయినిగా పనిచేశారు. ఈ రెండు ఇళ్ల మధ్య కుండమార్పిడిని మించిన బంధుత్వం ఏర్పడింది. చార్లెస్ అన్న పీటర్ కారొలైన్ చెల్లెలిని, చార్లెస్ చెల్లెలు పాలీని కారొలైన్ అన్న హెన్రీ పెళ్లాడారు. బంధువుల బండ్లు ఎటు కదిలితే అటు కదలడం ఆ తరం వలసల్లో సాధారణం. చార్లెస్, హెన్రీ కలిసి 1863లో విస్కాన్సిన్ పశ్చిమ అంచున, పెపిన్ సమీపంలోని అడవిలో భూమి కొన్నారు. అక్కడే 1865లో మేరీ, 1867లో లారా జన్మించారు.

స్థిరపడినట్టే కనిపించిన ఆ ఇంటిని 1868లో అమ్మేసి, చార్లెస్ మిస్సోరీలో అప్పు మీద భూమి కొన్నారు. ఆ అప్పు తీరలేదు, భూమి తిరిగి అమ్మకందారుకే వెళ్లింది. 1869 నాటికి గూడుబండి కాన్సాస్‌లోని ఇండిపెండెన్స్ పట్టణానికి దాదాపు 13 మైళ్ల దూరంలో ఆగింది. దుంగలతో ఇల్లు కట్టి, బావి తవ్వి, గడ్డినేల దున్నడం మొదలుపెట్టారు.

ఆ నేల ఓసేజ్ జాతి ప్రజలది. ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం వారికి మిగిలిన చివరి కాన్సాస్ భూభాగం అదే. అక్కడ స్థిరపడే హక్కు శ్వేతజాతి రైతులెవరికీ లేదు. అయినా వేలమంది వచ్చిపడ్డారు. ఓసేజ్‌లు పశ్చిమాన దున్నల వేటకు వెళ్లి తిరిగి వచ్చేసరికి వారి పొలాల్లో కొత్త గుడిసెలు లేచాయి. గుర్రాలు దొంగిలించారని, నిల్వ ఉంచిన మొక్కజొన్న దోచుకున్నారని వారి వ్యవహారాలు చూసే ప్రభుత్వ ప్రతినిధి పైఅధికారులకు మొరపెట్టుకున్నారు. చార్లెస్ అటువంటి పనులు చేసినట్టు ఆధారమేదీ లేదు. కానీ ఆయన ఇల్లు కట్టిన చోటు మాత్రం పరాయి నేలే. 1870 జనాభా లెక్కల అధికారి ఆ కుటుంబాన్ని నమోదు చేశారు గానీ, భూమి విలువ రాయవలసిన గడిని ఖాళీగా వదిలారు. రాయడానికి వారి పేరిట భూమి లేదు.

ఆ గడ్డపైనే కుటుంబమంతా చలిజ్వరంతో మంచం పట్టింది. వారికి మందులిచ్చిన జార్జ్ టాన్ నల్లజాతి వైద్యుడు. ఓసేజ్‌లకూ ఆయనే వైద్యం చేసేవారు. 1870 ఆగస్టు 3న మూడవ కుమార్తె క్యారీ అక్కడే పుట్టింది. అదే ఏడాది జూలైలో అమెరికా కాంగ్రెస్ ఓసేజ్‌లను దక్షిణానికి, ఇండియన్ టెరిటరీకి తరలించే చట్టం చేసింది. వారు ఖాళీ చేసిన నేలను ఎకరా ఒకటింపావు డాలరుకు రైతులకు అమ్మే ఏర్పాటూ అందులో ఉంది. సైన్యం వచ్చి వెళ్లగొడుతుందన్న భయంతో కుటుంబం బయలుదేరినట్టు లారా నవల చెబుతుంది. వాస్తవానికి అప్పటికి వెళ్లిపోవలసి వచ్చింది ఓసేజ్‌లే. ఇంకొంతకాలం ఆగితే చార్లెస్ ఆ భూమిని చట్టబద్ధంగా కొనుక్కోగలిగేవారు. 1871లో ఆయన వెనుదిరగడానికి ప్రధాన కారణం పెపిన్‌లో భూమి కొన్న వ్యక్తి వాయిదాలు కట్టలేకపోవడం. ఆ పాత ఇల్లు మళ్లీ తమ చేతికి వచ్చింది. కాన్సాస్ విడిచేటప్పటికి లారాకు నాలుగేళ్లు. ఆమె నవలలోని జ్ఞాపకాలు చాలావరకు తల్లిదండ్రులు చెప్పగా విన్నవే కావాలి.

1874లో వారు మినెసోటాలోని వాల్‌నట్ గ్రోవ్ చేరారు. మొదట ప్లమ్ క్రీక్ అనే వాగు గట్టును తొలిచి కట్టిన మట్టి ఇంట్లో ఉన్నారు. రాబోయే గోధుమ పంటను నమ్ముకుని, అప్పుగా తెచ్చిన కోత కలపతో చార్లెస్ చక్కని ఇల్లు కట్టారు. పంట కోతకు రాకముందే రాకీ పర్వత మిడతల దండు దిగింది. 1873 నుంచి 1877 వరకు ఆ రాష్ట్రాన్ని పీడించిన ఆ మిడతలు పైరునే కాక, చెట్ల ఆకులను, తోటల్లోని కూరగాయలను కూడా మిగల్చలేదు. కూలి కోసం చార్లెస్ కాలినడకన తూర్పు జిల్లాలకు వెళ్లి కోత పనులు చేశారు. అదీ చాలక, 1875 శీతాకాలం ఆరంభంలో తన వద్ద ఏ ఆధారమూ లేదని ప్రమాణపత్రంపై సంతకం చేసి, ప్రభుత్వ సహాయంగా గోధుమపిండి తీసుకున్నారు. నవలల్లో ఈ సంతకం ఊసే లేదు.

అంతకన్నా పెద్ద దుఃఖం కూడా నవలల్లోకి రాలేదు. 1875 నవంబరు 1న పుట్టిన ఏకైక కుమారుడు ఫ్రెడరిక్ పది నెలలు నిండకుండానే, 1876 ఆగస్టు 27న దారిలో బంధువుల ఊరి వద్ద మరణించాడు. కుటుంబం అప్పుడు అయోవాలోని బర్ ఓక్‌కు వెళుతోంది. అక్కడ ఒక హోటల్ నిర్వహణలో పనిచేశారు. 1877 మే 23న చివరి కుమార్తె గ్రేస్ పుట్టింది. అద్దె బాకీ తీర్చే దారి లేక ఒక రాత్రి వేళ సామాను సర్దుకుని ఆ ఊరు విడిచారు. 1930లో రాసి, 2014లో గానీ పూర్తిగా అచ్చుకాని తన ఆత్మకథలో లారా ఈ విషయాన్ని దాచలేదు. పిల్లల కోసం రాసిన నవలల నుంచి మాత్రం బర్ ఓక్ సంవత్సరాన్ని మొత్తంగా తొలగించారు.

వాల్‌నట్ గ్రోవ్‌కు తిరిగి వచ్చాక చార్లెస్ వడ్రంగం, మాంసం దుకాణం వంటి పనులు చేశారు. చిన్న తగవులు విచారించే స్థానిక న్యాయాధికారిగానూ ఉన్నారు. 1879లో 14 ఏళ్ల మేరీ తీవ్రమైన జబ్బుతో చూపు కోల్పోయింది. స్కార్లెట్ జ్వరమే కారణమని నవల చెప్పగా, మెదడుకు సోకిన వైరస్ వ్యాధి అయి ఉండవచ్చని 2013లో అమెరికా వైద్య పరిశోధకులు నిర్ధారణకు వచ్చారు.

అదే ఏడాది చెల్లెలు డోషియా కుటుంబం ద్వారా ఆయనకు డకోటా టెరిటరీలో రైలుమార్గం వేస్తున్నచోట ఉద్యోగం దొరికింది. సరుకుల గిడ్డంగి చూడటం, కూలీల హాజరు, లెక్కలు రాయడం ఆ పని. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద స్వల్ప రుసుము చెల్లించి, ఐదేళ్లు నివసించి సాగుచేస్తే 160 ఎకరాలకు పట్టా వచ్చేది. 1880 ఫిబ్రవరిలో బ్రూకింగ్స్ కార్యాలయానికి వెళ్లి ఆయన ఆ దరఖాస్తు పెట్టారు. పక్కనే డి స్మెట్ పట్టణం వెలిసింది. ఆ శీతాకాలమే చరిత్రలో కఠినమైన చలికాలంగా నిలిచింది. 1880 అక్టోబరులోనే మంచు తుపాను విరుచుకుపడింది. జనవరి నుంచి మే వరకు రైళ్లు రాలేదు. ఎండుగడ్డిని పురిపెట్టి పొయ్యిలో కాల్చారు. కాఫీ గింజల మరలో గోధుమలు విసిరి రొట్టె చేసుకున్నారు. ఊరికి ఆ గోధుమలు తెచ్చేందుకు తెగించిన ఇద్దరు యువకుల్లో ఒకరైన అల్మాంజో వైల్డర్ 1885లో లారాను వివాహమాడారు.

మేరీ చదువు గురించి తల్లిదండ్రులు పట్టుదలగా ఉన్నారు. డకోటాలో అంధుల పాఠశాల లేనందున, 1881లో అయోవాలోని వింటన్ అంధుల కళాశాలలో చేర్చారు. బోధన రుసుమును టెరిటరీ ప్రభుత్వం భరించింది. బట్టలు, ప్రయాణం ఖర్చు కుటుంబానిది. అందుకు తోడ్పడటానికే లారా చిన్న వయసులో బడిపంతులమ్మ అయ్యారు. మేరీ 1889లో చదువు పూర్తి చేశారు.

పట్టా 1886లో చేతికి వచ్చింది. జీవితమంతా వెతికిన సొంత నేల అది. కానీ అనావృష్టి దానిని నిలవనీయలేదు. మరుసటి ఏడాదే చార్లెస్ పట్టణంలో ఇల్లు కట్టి అక్కడికి మారారు, కొన్నేళ్లకు భూమిని అమ్మేశారు. ఆయనకు ఇంకా పశ్చిమాన ఒరెగాన్ వైపు వెళ్లాలని ఉండేది. పిల్లల చదువుల కోసం ఇక కదిలేది లేదని కారొలైన్ పట్టుబట్టారు. తుదకు నెగ్గినది ఆమె మాటే. వడ్రంగం, పట్టణ గుమాస్తా, డిప్యూటీ షెరీఫ్ వంటి కొలువులతో శేషజీవితం గడిచింది. ఊరి కాంగ్రిగేషనల్ చర్చి స్థాపకుల్లో ఆయన ఒకరు. అన్ని ఊళ్లకూ వెంట వచ్చిన ఆయన ఫిడేలు నేడు మిస్సోరీలోని మాన్స్‌ఫీల్డ్‌లో, లారా ఇంటి ప్రదర్శనశాలలో ఉంది.

1902 జూన్ 8న డి స్మెట్‌లో 66 ఏళ్ల వయసులో చార్లెస్ గుండె జబ్బుతో మరణించారు. ఆయన పంటను తిన్న రాకీ పర్వత మిడత చివరిసారిగా సజీవంగా కనిపించినదీ ఆ సంవత్సరమే. తరువాత ఆ జాతి అంతరించింది. కారొలైన్ 1924 వరకు, మేరీ 1928 వరకు జీవించారు. మేరీ అవివాహితగానే ఉండిపోయారు. గ్రేస్, క్యారీలకు సొంత సంతానం లేదు. లారా కుమార్తె రోజ్ వైల్డర్ లేన్ పేరొందిన రచయిత్రి. తల్లి నవలలకు మెరుగులు దిద్దడంలో ఆమె పాత్ర పెద్దదే. ప్రభుత్వ సహాయ పథకాలను తీవ్రంగా వ్యతిరేకించిన ఆమె 1968లో మరణించారు. ఆమెతో చార్లెస్ ఇంగాల్స్ ప్రత్యక్ష వంశం ముగిసింది.