కిరీటము విడిచిన నావికుడు

చదువవలసిన వాక్యభాగము: లూకా 14:25–33



గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని మన ప్రభువు చెప్పిన ఉపమానము మనమెల్లరము ఎరిగినదే. ఆ వెంటనే ఆయన యుద్ధమునకు పోవు రాజు సంగతియు చెప్పెను. లెక్క చూచుకొని, నిర్ణయించుకొని, పిమ్మట వెనుదీయక జీవించిన ఒక రాజకుమారుని చరిత్రను ఈ నెల ధ్యానింతము. ఆయన స్వీడన్ దేశపు ఆస్కార్ బెర్నదోత్.

ఆస్కార్ 1859 నవంబరు 15న స్టాక్‌హోమ్ నగరమున పుట్టెను. తండ్రి 1872లో రెండవ ఆస్కార్ అను పేర స్వీడన్, నార్వే దేశములు రెండింటికిని రాజాయెను. తల్లి సోఫియా రాణి భక్తిగల స్త్రీ. రోగుల సేవకై నర్సులకు తర్ఫీదు ఇచ్చు సంస్థను స్థాపించిన పుణ్యాత్మురాలు. నలుగురు కుమారులలో ఆస్కార్ రెండవవాడు. గోట్లండ్ అను ద్వీపము పేర ఆయనకు డ్యూక్ బిరుదుండెను.

ఈ రాజవంశము పుట్టుక విచిత్రమైనది. ఆస్కార్ ముత్తాత ఫ్రాన్సు దేశములో ఒక న్యాయవాది కుమారుడు. సామాన్య సిపాయిగా సైన్యములో చేరి, నెపోలియను క్రింద సేనాపతియై, 1810లో స్వీడన్ సింహాసనమునకు వారసుడుగా ఎన్నుకొనబడెను. ఆయన భార్య ఒక పట్టు వర్తకుని కుమార్తె. అయినను ఆ వంశము కొరకు 1810లో చేసిన వారసత్వ చట్టము, రాజవంశీయులు కాని కన్యను పెండ్లాడిన రాజకుమారుడు సింహాసనపు హక్కు పోగొట్టుకొనునని విధించెను. సామాన్యులుగా పుట్టిన దంపతుల సంతతికే సామాన్యులతో వియ్యము నిషేధమాయెను!

ఆస్కార్ యౌవనారంభముననే నావికాదళములో చేరెను. ఆయన తండ్రియు నావికాదళములో తర్ఫీదు పొందినవాడే. 1883 చివర వనాదిస్ అను యుద్ధనౌక కార్ల్స్‌క్రోనా రేవునుండి భూప్రదక్షిణమునకు బయలుదేరగా, 24 ఏండ్ల రాజకుమారుడు ఒక అధికారిగా దానిలో ప్రయాణము చేసెను. ఆ ఓడ తెరచాపలతోను ఆవిరి యంత్రముతోను నడిచెడిది. దక్షిణ అమెరికా తీరము, పసిఫిక్ సముద్రపు దీవులు, జపాను మొదలైనవి చూచుకొనుచు అది 1885లో స్వదేశము చేరెను. అందులో వెళ్లిన యాల్మార్ స్టోల్పె అను పండితుడు ఆయా జాతుల పనిముట్లను, వస్త్రములను వేలకొలది సేకరించి తెచ్చెను. స్వీడన్ దేశము 1814 తరువాత ఏ యుద్ధమునందును పాల్గొనలేదు. గనుక ఆస్కార్ సముద్రముమీద శత్రువుతో పోరాడిన దినము లేదు. ఆయన జీవితములోని గొప్ప పోరాటము తండ్రి ఇంటనే జరిగెను.

ఆయన వదినయగు యువరాణి విక్టోరియా కొలువులో ఎబ్బా ముంక్ అను కన్య ఉండెను. ఆమె సైన్యములో కర్నలుగా పనిచేసిన ఒకాయన కుమార్తె. గౌరవమైన కుటుంబమే గాని రాజవంశము కాదు. ఆస్కార్ ఆమెను పెండ్లాడగోరెను. రాజు సమ్మతింపలేదు. చట్టము ఒకవైపు, తండ్రి మాట ఒకవైపు, మనస్సాక్షి ఒకవైపు. రాజకుమారుడు రహస్యముగా పెండ్లి చేసికొని పారిపోలేదు. ఆ కన్యను విడిచిపెట్టనూ లేదు. కనిపెట్టుకొని యుండెను. సోఫియా రాణి కుమారుని పక్షమున నిలిచి రాజును బ్రతిమాలెను. తుదకు తండ్రి ఒప్పుకొనెను. అయితే చట్టము మారలేదు. వెల చెల్లింపక తప్పలేదు.

1888 మార్చి 15న, ఇంగ్లండులోని బోర్న్‌మత్ పట్టణమున, పరిశుద్ధ స్తెఫను దేవాలయములో, తల్లి సమక్షమున వివాహము జరిగెను. ఆ వివాహముతో రెండు రాజ్యముల వారసత్వమును, డ్యూక్ బిరుదును, రాజవంశ మర్యాదలును ఆయనను విడిచెను. ఇక ఆయన ప్రిన్సు బెర్నదోత్ మాత్రమే. 1892లో సోఫియా రాణికి తండ్రివైపు అన్నయగు లక్సెంబర్గు ప్రభువు ఆయనకు విస్‌బోర్గు కౌంటు అను బిరుదునిచ్చెను.

పెండ్లియైన పిమ్మట ఆస్కార్ కొలువు మానుకొని కూర్చుండలేదు. కార్ల్స్‌క్రోనా రేవు పట్టణమున భార్యతో కాపురముండి నావికాదళములో తన పని తాను చేసికొనెను. కాలక్రమమున వైస్ అడ్మిరల్ పదవి వరకు హెచ్చింపబడెను. వారికి ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు కలిగిరి. దంపతులిద్దరును సువార్త పనికి తమ్మును అప్పగించుకొనిరి. రాజకుమారుడు వై.ఎం.సి.ఏ. సంఘమునకు అధ్యక్షుడై యౌవనస్థుల మధ్య పనిచేసెను. కూటములలో తానే వాక్యము చెప్పెను. ఉత్తర దిక్కున మంచు ప్రదేశములలో రెయిన్‌డీర్ అను జింకలను మేపుకొని జీవించు సామీ ప్రజల మధ్య జరుగు సేవకు భార్యాభర్తలు అండగా నిలిచిరి.

భక్తులకు దుఃఖము రాదని ఎవరును తలంపరాదు. 1946 అక్టోబరులో ఎబ్బా తన 87వ ఏట ప్రభువునందు నిద్రించెను. వారి దాంపత్యము 58 సంవత్సరములు నిలిచెను. కడగొట్టు కుమారుడు ఫోల్కె 1945లో, రెండవ ప్రపంచ యుద్ధపు చివరి నెలలలో, స్వీడన్ రెడ్‌క్రాసు తరఫున తెల్లరంగు వేసిన బస్సులను జర్మనీకి నడిపించి, నిర్బంధ శిబిరములలోనుండి 15,000 మందికి పైగా ఖైదీలను తప్పించిన పనికి నాయకుడు. తరువాత ఐక్యరాజ్యసమితి పక్షమున యూదులకును అరబ్బులకును సంధి కుదుర్చుటకు వెళ్లి, 1948 సెప్టెంబరు 17న యెరూషలేములో తీవ్రవాదుల తుపాకి గుండ్లకు బలియాయెను. 88 ఏండ్ల తండ్రి ఆ వార్త విని భరింపవలసి వచ్చెను. మరి అయిదేండ్లు బ్రతికి, 1953 అక్టోబరు 4న, 93 ఏండ్ల వయస్సున ఆస్కార్ కన్నుమూసెను.

ప్రియులారా, సత్యము దాచకుండ చెప్పుకొందము. ఆస్కార్ సింహాసనపు హక్కును విడిచినది సువార్త కొరకు కాదు, వివాహము కొరకు. విడిచిన తరువాతను ఆయన బీదవాడు కాలేదు. కావున ఆయనను మోషేతో సమానుని చేయనక్కరలేదు. అయినను ఆయనయొద్ద మనము నేర్చుకొనవలసిన సంగతులు రెండున్నవి. మొదటిది, ఆయన తండ్రిని ధిక్కరింపక, ఎబ్బాను మోసగింపక, కనిపెట్టెను. మన ఇండ్లలో పెండ్లి సంబంధముల విషయమై కలహములు రేగినప్పుడు పిల్లలు తొందరపడుదురు, పెద్దలు పంతమునకు పోవుదురు. ఆ యింట కుమారుడు ఓర్చెను, తల్లి మధ్యవర్తియాయెను, తండ్రి తగ్గెను. రెండవది, పోయినదానికొరకు సణుగుచు కూర్చుండక, మిగిలియున్న దినములను, బలమును దేవుని చేతిలో పెట్టెను. ఆయన అన్న 1907 మొదలు 1950 వరకు రాజుగా ఏలెను. తమ్ముడు యౌవనస్థుల కూటములలో వాక్యము చెప్పెను.

వెల చెల్లించుట ఒక్క దినపు పని. చెల్లించితినని విచారింపక జీవించుట జీవితకాలపు పని. ప్రభువు కొరకు మనము విడిచిన దానిని మాటిమాటికి వెనుదిరిగి చూచుచున్నామా? ఈ వారము కుటుంబ ప్రార్థనలో పై వాక్యభాగము చదివి, ఈ ప్రశ్నను ఒకరినొకరు అడిగికొనుడి.