నేల టిక్కెట్టు ప్రేక్షకునికి భయాన్ని పంచిన విఠలాచార్య

హాడో (అండమాన్ నికోబార్ దీవులు): విశాఖపట్నం, చెన్నై రేవుల నుంచి బంగాళాఖాతం దాటి వచ్చే ప్రయాణికుల నౌకలు శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) నగరంలోని హాడో రేవుకు చేరుకుంటాయి. ఉత్తరాంధ్ర తీరం నుంచి బతుకుతెరువు కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా స్థిరపడ్డాయి. వారికి సముద్రం అవతలి దీవి నిత్యజీవితం. తెలుగు జానపద కథకు మాత్రం అది మాంత్రికుని ప్రాణం దాగిన చోటు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంటుంది. అటువంటి ఊహలకు వెండితెరపై దశాబ్దాల పాటు రూపమిచ్చిన దర్శక నిర్మాత బి. విఠలాచార్య. ఆయన చిత్రాల్లో ఒకదాని పేరే ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965).

విఠలాచార్య 1920 జనవరి 28న కర్ణాటకలోని ఉడుపి ప్రాంతంలో జన్మించారు. చదువు మూడో తరగతితోనే ఆగిపోయింది. చిన్న వయసులోనే ఇల్లు విడిచి అరసికెరె చేరి, అక్కడ హోటల్ నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. విడుదలైన తరువాత మిత్రులతో కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీస్ ప్రారంభించారు.

ఆ డేరాయే ఆయనకు పాఠశాల అయింది. ఊరూరా తిరిగే ప్రదర్శనల్లో ప్రతి చిత్రాన్నీ మళ్లీ మళ్లీ చూసే అవకాశం ఆయనకు కలిగింది. తెరతో పాటు తెర ముందు కూర్చున్నవారినీ చూడగలిగే చోటు అది. నేల టిక్కెట్టు కొని ఇసుకపై కూర్చున్న ప్రేక్షకుడు ఎక్కడ ఉలిక్కిపడతాడో, ఎక్కడ నవ్వుతాడో తెలుసుకోవడానికి అంతకు మించిన బడి లేదు. దర్శకునిగా ఆయన చివరి వరకూ ఆ ప్రేక్షకుని విడువలేదు.

తరువాత మైసూరు చేరి, డి. శంకర్ సింగ్ తదితరులతో కలిసి మహాత్మా పిక్చర్స్ సంస్థ ద్వారా కన్నడ చిత్రాలు నిర్మించారు. భాగస్వాములు విడిపోయాక విఠల్ ప్రొడక్షన్స్ నెలకొల్పి, ‘కన్యాదానం’తో తెలుగులో అడుగుపెట్టి, మద్రాసులో స్థిరపడ్డారు. మొదట సాంఘిక చిత్రాలు తీసినా, ఆయనకు ‘జానపద బ్రహ్మ’ అనే పేరు తెచ్చినవి కత్తియుద్ధాలు, మంత్రాలు, శాపాలు, దయ్యాలు నిండిన కథలే. కాంతారావు కథానాయకునిగా అనేక చిత్రాలు తీశారు. ఎన్.టి. రామారావుతో తీసిన ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964), ‘లక్ష్మీ కటాక్షం’ (1970) జనాదరణ పొందాయి.

కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని కాలమది. కెమెరాను ఆపి వస్తువును మార్చి మళ్లీ నడపడం, ఒకే ఫిల్మ్‌పై రెండుసార్లు చిత్రీకరించడం వంటి ఉపాయాలతోనే మనుషులు మాయమయ్యేవారు, అస్థిపంజరాలు నడిచేవి. పొదుపుగా, అనుకున్న సమయానికి చిత్రాన్ని పూర్తి చేయడంలో ఆయన దిట్ట. కాల్షీట్ల విషయంలో ఇబ్బంది పెట్టిన నటుని పాత్రను శాపంతో చిలుకగానో మేకగానో మార్చి కథ నడిపించేవారన్న ముచ్చట పరిశ్రమలో నేటికీ వినిపిస్తుంది.

ఆయన దయ్యాలకు పరాకాష్ఠ ‘జగన్మోహిని’ (1978). అగ్రతారలు లేకుండా నరసింహరాజు, జయమాలిని, ప్రభలతో తీసిన ఈ చిత్రం ఘనవిజయం సాధించి, తమిళ ప్రేక్షకులనూ ఆకట్టుకుంది. కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేసే దయ్యాన్ని చూసినవారు మరచిపోలేదు. ఆ దృశ్యంలో భయం, నవ్వు ఒకేసారి పుడతాయి. దయ్యం చేసేది మాత్రం ప్రతి ఇంటా జరిగే వంటపనే. భయానక, హాస్య, అద్భుత రసాలను ఒకే పాత్రలో కలపడం ఆయన ప్రత్యేకత.

ఇటువంటి చిత్రాలను కాలక్షేపంగా, మూఢనమ్మకాల ప్రచారంగా తీసిపారేసినవారు ఉన్నారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. అయితే భయానక చిత్రాన్ని ప్రపంచం కళగానే గుర్తించింది. జర్మన్ దర్శకుడు మూర్నౌ 1922లో తీసిన మూకీ చిత్రం ‘నోస్‌ఫెరాటు’ను చలనచిత్రోత్సవాల్లో ఇప్పటికీ ప్రదర్శిస్తున్నారు. స్పెయిన్‌లోని సిట్జెస్ పట్టణంలో 1968లో మొదలైన ఉత్సవం భయానక, అద్భుత చిత్రాలకే పేరుపొందింది. అక్కడి చీకటి గదిలో జరిగేదీ, నాటి హాసన్ జిల్లా డేరాలో జరిగినదీ ఒకటే. అపరిచితులు పక్కపక్కన కూర్చుని ఒకేసారి ఉలిక్కిపడతారు, మరుక్షణం తమ భయాన్ని చూసి తామే నవ్వుకుంటారు. ఒంటరిగా ఉన్నప్పుడు భారమయ్యే భయం పదిమందిలో వేడుక అవుతుంది. ఆ రహస్యాన్ని విఠలాచార్య పుస్తకాల్లో కాక జనంలో నేర్చుకున్నారు.

కన్నడ, తెలుగు, తమిళ భాషల్లో సుమారు 70 చిత్రాలతో అనుబంధమున్న విఠలాచార్య 1999 మే 28న చెన్నైలో కన్నుమూశారు. 2009లో గ్రాఫిక్స్ హంగులతో ‘జగన్మోహిని’ తమిళంలో మళ్లీ తెరకెక్కింది. అయినా తెలుగువారు ఎక్కడ స్థిరపడినా, దయ్యాల సినిమా ప్రస్తావన వస్తే ముందుగా గుర్తుకు వచ్చేది ఆ పాత పొయ్యి, అందులో మండే కాళ్లే.