గాజుపెట్టెలో సముద్రాన్ని పెంచిన కుట్టుపని అమ్మాయి

డాక్టరుగారి దగ్గర మన నంబరు వచ్చేదాకా కూర్చున్నప్పుడు, పెద్ద బట్టల కొట్టులో బిల్లు కోసం నిలబడినప్పుడు, అక్కడ గాజుపెట్టెలో తిరిగే చేపలు కనిపిస్తే చాలు, మన కళ్లు అటే పోతాయి. చంకలో పిల్లాడు ఏడుపు మానేసి నోరు తెరుచుకుని చూస్తాడు. మరి ఆ గాజుపెట్టెను సముద్రపు జీవుల కోసం మొట్టమొదట తయారుచేయించింది ఎవరో ఎప్పుడైనా ఆలోచించారా? ఏ పేరున్న ప్రొఫెసరో అయి ఉంటాడనుకుంటాం. కానే కాదు. సూదీ దారంతో బతుకు మొదలుపెట్టిన ఒక పల్లెటూరి అమ్మాయి! పేరు జీన్ విల్‌ప్రూ పవర్.

మా గరిడేపల్లి వాళ్లకు సముద్రం చూడాలంటే సూర్యలంకకో బందరుకో ప్రయాణం కట్టాల్సిందే. మాకు తెలిసినవి సాగర్ ఎడమ కాలువ నీళ్లు, బోరు నీళ్లు. అలాంటి ఊళ్లో డిగ్రీ చదువుతున్న మా పక్కింటి అమ్మాయికి ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని కోరిక పుట్టింది. ఏం కావాలో కనుక్కోమని నన్ను అడిగింది. నేను వంటిల్లు, కథలు తప్ప వేరే లోకం లేనిదాన్ని. అయినా సరేనని పుస్తకాలు తిరగేశాను. అలా తిరగేస్తూ జీన్ దగ్గర ఆగిపోయాను.

పెళ్లి గౌను మీది పూలు

జీన్ 1794 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని జూయాక్ అనే పల్లెలో పుట్టింది. సామాన్య కుటుంబం. పెద్ద చదువులేం లేవు. పద్దెనిమిదేళ్ల వయసులో పని వెతుక్కుంటూ పారిస్‌కు బయల్దేరింది. దూరం నాలుగు వందల కిలోమీటర్ల పైనే. ఆ దూరమంతా నడిచే వెళ్లిందట! అంటే మా ఊరి నుంచి తిరుపతి దాకా నడిచినట్టు లెక్క.

పారిస్‌లో బట్టలు కుట్టే దుకాణంలో చేరింది. చేతిలో పనితనం ఉంది. 1816లో సిసిలీ రాకుమారి కరొలీన్‌కూ, ఫ్రాన్స్ రాజుగారి తమ్ముడి కొడుకు బెర్రీ డ్యూక్‌కూ పెళ్లి కుదిరింది. ఆ పెళ్లి గౌను మీద కుట్టుపని జీన్ చేతికొచ్చింది. దాంతో ఆమెకు పేరొచ్చింది. ఆ రోజుల్లోనే జేమ్స్ పవర్ అనే వ్యాపారితో పరిచయమైంది. 1818లో సిసిలీ ద్వీపంలోని మెసినా రేవుపట్నంలో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

ఇక కథ ఇక్కడితో అయిపోవాలి కదా. డబ్బున్న మొగుడు, సముద్రం ఒడ్డున ఇల్లు. హాయిగా కూర్చుని తినొచ్చు. జీన్ అలా కూర్చోలేదు. ద్వీపమంతా కాలినడకన తిరిగింది. మొక్కలు, సీతాకోకచిలుకలు, గవ్వలు, రాళ్లలో మిగిలిన పాతకాలపు జీవుల గుర్తులు, అన్నీ పోగుచేసింది. ఎవరూ పాఠం చెప్పలేదు. తనే చదువుకుంది, తనే చూసి నేర్చుకుంది.

ఇల్లు తనదా, దొంగిలించినదా?

మెసినా సముద్రంలో ఆర్గొనాట్ అని ఒక జీవి దొరికేది. ఆక్టోపస్ జాతిది. కాగితమంత పల్చగా, తెల్లగా, వంపు తిరిగిన అందమైన గవ్వలో ఉంటుంది. ఆ గవ్వ దగ్గరే పేచీ వచ్చింది. దాన్ని ఆర్గొనాట్ తనే కట్టుకుంటుందా, లేక ఖాళీ గవ్వల్లో దూరి బతికే పీతలాగా ఇంకెవరి ఇల్లో ఆక్రమించుకుంటుందా? ఆ రోజుల్లో చాలామంది పెద్ద శాస్త్రవేత్తలు అది దొంగిలించినదేనని వాదించారు. ఎందుకంటే గవ్వ దాని ఒంటికి అతుక్కుని ఉండదు. వాళ్ల బల్లల మీదికొచ్చేవి సారాయిలో ఊరిన చచ్చిన ఆర్గొనాట్‌లు మరి! చచ్చిన జీవి ఏం చెబుతుంది?

జీన్‌కు తట్టింది చాలా మామూలు విషయం. బతికున్నదాన్ని పెట్టుకుని చూస్తే సరిపోతుంది కదా! కానీ చూడటం ఎలా? సముద్రంలోంచి తీస్తే అది బతకదు. అందుకే 1832 ప్రాంతంలో గాజుతో తొట్టి చేయించి, సముద్రపు నీళ్లు నింపి, తన చదువుకునే గదిలో పెట్టుకుంది. అది చాలక, గాజుపెట్టె చుట్టూ చట్రం బిగించి సముద్రంలోకి దించి పైకి లాగే ఏర్పాటు ఇంకొకటి చేసింది. మూడోది పెద్ద పంజరం. దాన్ని ఒడ్డు దగ్గర నీళ్లలో లంగరు వేసి నిలిపింది. పెద్ద జీవులు వాటి నీళ్లలోనే ఉంటాయి, ఆమె రోజూ పోయి చూసుకోవచ్చు.

అలా కొన్నేళ్లపాటు మేత వేస్తూ, చూస్తూ, రాసుకుంటూ గడిపింది. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన ఆర్గొనాట్ పిల్లకు గవ్వ ఉండదని కనిపెట్టింది. కాస్త పెరిగాక తనే కట్టుకోవడం మొదలుపెడుతుంది. గవ్వను కొంచెం విరిచి చూస్తే, రెండు చేతుల చివరనుండే వెడల్పాటి పొరలతో విరిగినచోట మళ్లీ పూడ్చుకుంది. ఆ పొరలు గాలికి ఎత్తే తెరచాపలని అరిస్టాటిల్ కాలం నుంచీ అనుకుంటూ వచ్చారు. అవి తెరచాపలు కావు, ఇల్లు కట్టే చేతులు!

ఇంకో మాట. ఈ గవ్వ కట్టేది ఆడ ఆర్గొనాటే. అందులోనే గుడ్లు పెట్టి పొదువుకుని తిరుగుతుంది. తన పిల్లల కోసం తను కట్టుకున్న ఇంటికి ఇన్ని వందల ఏళ్లు దొంగతనం అంటగట్టారన్నమాట. ఆ నింద తుడిచింది ఇంకో ఆడది. అది చదివినప్పుడు నాకు భలే సంతోషమేసింది.

మునిగిన పెట్టెలు

1834లో ఆమె పరిశోధనల సంగతి కటానియాలోని జోయేనియా అకాడమీ ముందుకొచ్చింది. ఆ సంస్థలో సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆమే. తర్వాత లండన్ జంతుశాస్త్ర సంఘంతో కలిపి డజనుకు పైగా సంస్థలు ఆమెను సభ్యురాలిగా తీసుకున్నాయి.

సరిగ్గా అప్పుడే దెబ్బ తగిలింది. 1838లో ఆమె పోగుచేసిన వస్తువులు, కాగితాలు చాలావరకు ఎక్కించిన ఓడ మునిగిపోయింది. ఇరవై ఏళ్ల కష్టం నీళ్లపాలు. తను బయటికి తెచ్చి చూపించిన సముద్రమే అంతా పట్టుకుపోయింది. ఇంకొకరైతే చాపచుట్టేసేవారు. జీన్ మాత్రం మరుసటి ఏడాది, 1839లో, తన ప్రయోగాల మీద ఫ్రెంచిలో పుస్తకం అచ్చువేయించింది. 1842లో సిసిలీ మీద ఇంకో పుస్తకం రాసింది. ఆక్టోపస్ పెద్ద ఆలిచిప్ప తెరుచుకునే సమయం చూసి, మూసుకోకుండా మధ్యలో రాయి అడ్డుపెట్టి లోపలి మాంసం తినడం కూడా ఆమె గమనించి రాసింది. రిచర్డ్ ఓవెన్ అనే పేరున్న ఇంగ్లీషు శాస్త్రవేత్త 1858లో, అక్వేరియాన్ని కనిపెట్టిన గౌరవం ఆమెదేనని ఒప్పుకున్నాడు.

జాడీలో పగడాలు

జీన్ సిసిలీ వదిలిన మూడేళ్లకు, 1846లో, ఇంగ్లండులో ఇంకో ఇల్లాలు ఇంకో అడుగు వేసింది. ఆవిడ పేరు ఆనా థిన్. పదిమంది పిల్లల తల్లి. టార్కీ అనే సముద్రపు ఊళ్లో బతికున్న చిన్న పగడపు జీవుల్ని చూసి ముచ్చటపడింది. వాటిని సూదీ దారంతో స్పాంజికి కుట్టి, జాడీలో ఉప్పునీళ్లు పోసి లండన్ తెచ్చుకుంది! అక్కడ ఎప్పుడంటే అప్పుడు సముద్రపు నీళ్లు దొరకవు. అందుకని కిటికీ దగ్గర నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఆ నీళ్లను రోజూ తిరగబోయించేది, మనం కాఫీ చల్లార్చినట్టు. నీళ్లలో గాలి కలవడానికి అదీ ఉపాయం. పనిమనిషి చేతులు పడిపోయి ఉంటాయి పాపం. తర్వాత సముద్రపు మొక్కలు కూడా వేసింది. అవి నీళ్లకు ప్రాణవాయువు అందించాయి. ఆ పగడాలు దాదాపు మూడేళ్లు బతికాయి. ఇవాళ ఇళ్లలో పెట్టుకునే పగడాల అక్వేరియాలకు అమ్మమ్మ ఆ జాడీయే.

మన ఇంట్లో పెట్టాలంటే

సముద్రం లేని మన ఊళ్లలో ఇది కుదురుతుందా అంటే, ఓపికుంటే కుదురుతుంది. వంటింటి అయోడిన్ ఉప్పు పనికిరాదు. అక్వేరియం కోసమే అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం కావాలి. లీటరు నీళ్లకు సుమారు 35 గ్రాములు. మన వైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి ఆర్.ఓ. నీళ్లలోనే కలపాలి. వేడి 25, 26 డిగ్రీలు ఉండాలి. మన ఎండాకాలంలో ఇదే పెద్ద తంటా. తొట్టి చిన్నదైతే సులువనుకుంటాం కానీ, నీళ్లు తక్కువైతే అవి తొందరగా పాడవుతాయి. మొదటిసారికి 80, 100 లీటర్ల తొట్టి నయం.

నీళ్లు పోసిన రోజే చేపను వేయకూడదు. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. దాన్ని విరిచేసే సూక్ష్మజీవులు తొట్టిలోని రాళ్ల రంధ్రాల్లో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పెరుగు తోడుకునేదాకా గిన్నె కదపనట్టే ఇదీను. నీళ్లు ఆవిరైతే మంచినీళ్లే కలపాలి, ఉప్పునీళ్లు కాదు. పులుసు మరిగేకొద్దీ ఉప్పు ఎక్కువవుతుందని మనకు ఒకరు చెప్పాలా?

ముఖ్యమైన సంగతి ఒకటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, దిబ్బలు కట్టే పగడాలకూ సముద్రగుర్రాలకూ 2001 నుంచి మన దేశంలో రక్షణ ఉంది. వాటిని సముద్రంలోంచి తీయడం, అమ్మడం నేరం. అందుకని మట్టితోనో సిమెంటుతోనో చేసిన రాళ్లు, తొట్లలోనే పుట్టించిన క్లౌన్ చేపలతో మొదలుపెట్టడం మంచిది. ఆనా థిన్‌లాగా పగడాలు ఏరుకొచ్చే కాలం కాదు ఇది. సముద్రం వేడెక్కి ఎక్కడికక్కడ పగడాలు తెల్లబడి చస్తున్న రోజులు.

చివరి రోజులు

1843 తర్వాత జీన్ దంపతులు పారిస్‌లో కొన్నాళ్లు, లండన్‌లో కొన్నాళ్లు గడిపారు. 1870లో జర్మను సైన్యాలు పారిస్‌ను ముట్టడించినప్పుడు జీన్ ఊరు విడిచి తను పుట్టిన జూయాక్‌కే చేరుకుంది. పద్దెనిమిదేళ్లప్పుడు నడిచి వదిలిన పల్లె! 1871 జనవరిలో అక్కడే కన్నుమూసింది. ఆ తర్వాత నూరేళ్లకు పైగా లోకం ఆమెను మరిచిపోయింది. 1997లో శుక్రగ్రహం మీద ఒక బిలానికి ఆమె పేరు పెట్టారు.

జీన్‌కు ల్యాబూ లేదు, డిగ్రీ కూడా లేదు. బట్ట మీద ఒక్కో కుట్టూ వేసే ఓపికతోనే నీళ్లలోకి చూస్తూ కూర్చుంది. మీ ఇంట్లో ఆడపిల్ల ఏ పురుగునో గవ్వనో గంటలకొద్దీ చూస్తూ కూర్చుంటే, పనీపాటా లేదా అని కసరకండి. కాసేపు చూడనివ్వండి.