దవడ కట్టిన హకీం - అబుల్ ఖాసిం జహ్రావీ

ఇబ్నె సీనా పేరు మన పిల్లలు చెబుతారు, అక్కడితో ఆగిపోతారు. జర్రాహీలో, అనగా శస్త్రవైద్యంలో, అబుల్ ఖాసిం జహ్రావీ గారిదే పెద్ద పేరు.

వీరు స్పెయిన్ దేశంలో ఖుర్తుబా పట్నం దగ్గర మదీనతుజ్జహ్రాలో సుమారు 936లో పుట్టారు. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ కట్టించిన ఊరు అది. యాభై ఏండ్ల అనుభవంతో, 1000 ప్రాంతంలో, అత్తస్రీఫ్ అనే 30 భాగాల గ్రంథం పూర్తి చేశారు. చివరి భాగమంతా జర్రాహీయే. సుమారు 200 పనిముట్లకు బొమ్మలు కూడా గీసిపెట్టారు.

నన్ను ఆకట్టుకున్నది అందులోని దవడ సంగతి. దవడ విరిగినవాడికి నొప్పి ఒక బాధ, అన్నం ఎదురుగా ఉండీ నమలలేకపోవటం ఇంకో బాధ. జహ్రావీ గారు ఎముకను చేత్తో సరిచేసి, కదిలే పళ్లను బంగారు తీగతోనో, వెండి తీగతోనో, పట్టుదారంతోనో గట్టి పళ్లకు కట్టమన్నారు. పైన కట్టు, రోగికి విశ్రాంతి, మెత్తని ఆహారం. వెండి త్వరగా పాడవుతుంది కనుక పళ్లకు బంగారమే మేలన్నారు. పన్ను ఊడితే ఎద్దు ఎముకతో చెక్కి అక్కడ కట్టవచ్చునన్నారు. పీకటానికి మాత్రం తొందర వద్దన్నారు. నొప్పిలో రోగి మంచి పన్నునే చూపిస్తాడు, తెలిసీ తెలియని చేతివైద్యులు దాన్నే పీకి దవడ ఎముకనూ పాడుచేస్తారు.

ఇప్పుడు వంకర దవడను కూడా ఆపరేషన్‌తో సరిచేస్తున్నారు. ఎముకను కోసి, జరిపి, టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. ఎముక అతకటానికి సుమారు ఆరు వారాలు. నమిలే కండరాలకు పాత బలం రావటానికి ఇంకా నెలలు పడుతుంది, డాక్టరు చెప్పిన ప్రకారం నోటి కసరత్తు చెయ్యాలి. మన ఇళ్లల్లో ఏమవుతుందంటే, పిల్ల చిక్కిపోయిందని నానీ పది రోజులకే రొట్టె, గోష్ ముక్క పెడుతుంది. ప్రేమే, కాదనను. కానీ యఖ్నీ, హరీరా, తర్వాత డాక్టరు సరేనన్నాక బాగా మెదిపిన ఖిచ్డీ, ఇవి పెట్టండమ్మా! ముక్క ఎక్కడికీ పోదు.

జహ్రావీ గారి చివరి రోజుల్లోనే అంతర్యుద్ధంలో మదీనతుజ్జహ్రా నాశనమైంది. వారు 1013 ప్రాంతంలో కన్నుమూశారు. 12వ శతాబ్దంలో క్రెమోనా వాసి గెరార్డ్ తులైతులాలో, అనగా టొలెడోలో, ఆ జర్రాహీ భాగాన్ని లాటిన్‌లోకి మార్చాడు. యూరప్ వైద్యులు కొన్ని వందల ఏండ్లు దాన్నే చదువుకున్నారు.