మారుచీరతో బడికి వెళ్లిన గురువు

సావిత్రీబాయి ఫూలే 1831 జనవరి 3న సాతారా జిల్లా నాయ్‌గావ్‌లో జన్మించారు. 1840లో జోతీరావుతో వివాహమైన నాటికి ఆమెకు అక్షరజ్ఞానం లేదు. భర్తయే తొలి గురువై చదువు నేర్పారు. అటుపై ఆమె అహ్మద్‌నగర్‌లోను, పుణెలోను ఉపాధ్యాయ శిక్షణ పొందారు.

1848లో పుణెలోని భిడే వాడాలో ఆ దంపతులు బాలికల పాఠశాలను ప్రారంభించారు. అప్పటికి ఆమె వయస్సు 17 ఏళ్లు. దారిలో గిట్టనివారు ఆమెపై బురద, పేడ చల్లేవారు. ఆమె వెంట తెచ్చుకున్న మారుచీర కట్టుకొని పాఠం ఆరంభించేవారు. 1849లో మామగారి ఇల్లు విడువవలసి వచ్చినా బోధన మానలేదు. 1852 నాటికి పుణెలో వారి బాలికల పాఠశాలలు మూడయ్యాయి. ప్లేగు రోగులకు సేవచేస్తూ ఆ వ్యాధికే లోనై, 1897 మార్చి 10న ఆమె కన్నుమూశారు.

ఆ మహనీయురాలి ఆత్మవిశ్వాసానికి మూలాలు రెండు: శ్రద్ధగా పొందిన శిక్షణ, వెన్నంటి నిలిచిన తోడు. నేడు ప్రాథమిక తరగతిలో తొలిసారి సుద్దముక్క పట్టే శిక్షణార్థికి కూడా ఈ రెండే కావాలి. శిక్షణను కళాశాల ఇస్తుంది. తోడు మాత్రం మనమే కావాలి. సహోపాధ్యాయులు ఆ పాఠాన్ని ఓర్పుతో విని, లోపాలను ఏకాంతంలో దిద్దాలి. తల్లిదండ్రులు పిల్లల యెదుట కొత్త గురువును చులకన చేయరాదు. నేడు తడబడే ఆ గొంతే రేపు వందలాది చిన్నారులకు అక్షరభిక్ష పెడుతుంది.