గురజాల దారి పట్టిన ఫాదర్ హయ్యర్

పల్నాడు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది పౌరుషం. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, కారంపూడి యుద్ధం... ఈ కథ అమ్మమ్మల నోట వినకుండా పెరిగిన ఆడపిల్ల మా నరసరావుపేట వైపు అరుదు. అదే నేల మీద, అదే గురజాలలో, కత్తీ కటారూ లేకుండా ఒంటరిగా వచ్చి మకాం పెట్టిన మరో మనిషి కథ మాత్రం చర్చికి వెళ్లే కుటుంబాలు దాటి పెద్దగా బయటికి రాలేదు.

ఆయన పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. లూథరన్ సంఘాల వాళ్లు ఫాదర్ హయ్యర్ అంటారు. ఫాదర్ అన్నారు కదా అని రోమన్ క్యాథలిక్ గురువు అనుకునేరు! పెళ్లీ, పిల్లలూ, సంసారంలోని కష్టసుఖాలూ అన్నీ ఎరిగిన మనిషే.

శివరాత్రికి కోటప్పకొండ ఎక్కడం ఆనవాయితీగా ఉన్న ఇల్లు మాది. అయినా ఈయన గురించి చదువుతుంటే నన్ను పట్టుకున్నది ఆయన మతం కాదు, ఆయన వయసు. నలభై దాటగానే ఇంకేం నేర్చుకుంటాంలే అని నిట్టూర్చే రోజులు కదా మనవి! ఆయన కొత్త దేశానికి ఓడెక్కింది నలభై ఎనిమిదో ఏట. తెలుగు అక్షరాలు దిద్దింది ఆ తరువాతే.

హయ్యర్ పుట్టింది 1793 జూలై 10న, జర్మనీలోని హెల్మ్‌స్టెట్ అనే ఊళ్లో. తండ్రిది బొచ్చుతోళ్ల వ్యాపారం. యూరప్ అంతా నెపోలియన్ యుద్ధాలతో అల్లకల్లోలంగా ఉందని 1807లో తల్లిదండ్రులు ఆ పిల్లాణ్ణి అమెరికాలో, ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరికి పంపేశారు. అక్కడే మతవిద్య చదివి, 1820లో పాస్టర్ అయ్యారు. అంతకు ముందు ఏడాదే మేరీ వెబ్ గాష్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె వితంతువు, అప్పటికే ఇద్దరు బిడ్డల తల్లి. తరువాత వీళ్లకు ఆరుగురు పుట్టారు. ఇరవై ఏళ్లపాటు పెన్సిల్వేనియా చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ చర్చీలు పెట్టారాయన. భర్త ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే ఇంట్లో అంతమంది పిల్లల్ని సాకిన ఆ ఇల్లాలి ఓపిక ఎంతటిదో మనకు వేరే చెప్పాలా!

1839లో మేరీ కన్నుమూసింది. రెండేళ్లకు, 1841 అక్టోబర్ 14న, పిల్లల్ని అమెరికాలోనే వదిలి బోస్టన్‌లో ఓడెక్కారు హయ్యర్. అమెరికా లూథరన్లు పరదేశానికి పంపిన మొదటి మిషనరీ ఆయనే. ఇక్కడ నా మనసు కాస్త ఆగిపోతుంది. అప్పుడే తల్లి పోయిన ఇల్లు. ఊరికి ఉపకారం చేసిన మహనీయుల కథల్లో వాళ్ల పిల్లల మాట ఎవరూ రాయరెందుకో!

కొలంబో, మద్రాసు, నెల్లూరు మీదుగా 1842 జూలై 31న గుంటూరు చేరారు. లూథరన్ సంఘాలు ఇప్పటికీ ఆ రోజును గుర్తుచేసుకుంటాయి. అప్పటికి డొక్కల కరువు వచ్చి పదేళ్లు. నందన నామ సంవత్సరంలో గుంటూరు ప్రాంతాన్ని ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టిన కరువది. జనం ఇంకా తేరుకోలేదు. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ తన జిల్లాకు ఒక మిషనరీ కావాలని కోరుకుంటున్నవాడు. రాగానే హయ్యర్‌కు అండగా నిలబడ్డాడు.

బడులు పెడితే గుంటూరు పట్నం వాళ్లు పిల్లల్ని పంపారు. ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వస్తుందని అందరికీ తెలుసు. కానీ చదువు కావాలి, మతం మాత్రం మాది మాకుంది అన్నట్టే ఉండిపోయారు చాలామంది. అందులో తప్పేముంది? తాతముత్తాతల నుంచి దీపం పెట్టిన దేవుణ్ణి, కొత్తగా వచ్చినాయన ఎవరో చెప్పగానే వదిలేస్తారా? పైగా పక్కన కలెక్టరుగారి నీడ. పాలించే దొరలు అండగా ఉన్న మనిషి మాటకు అవునన్నా కాదన్నా, అది మనస్ఫూర్తిగా అన్నదేనా అని ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

నాలుగేళ్లు తిరక్కుండానే ఆరోగ్యం దెబ్బతిని ఆయన అమెరికా వెళ్లారు. ఇంకొకరైతే అక్కడితో చాలనుకునేవారు. హయ్యర్ బాల్టిమోర్‌లో కూర్చుని వైద్యం చదివారు. యాభై దాటాక! మాట వినిపించాలంటే ముందు ఎదుటివాళ్ల నొప్పి తెలియాలని ఆయనకు అర్థమై ఉంటుందని నాకనిపిస్తుంది. 1847లో మళ్లీ ఓడెక్కారు.

ఈసారి 1849లో ఆయన పల్నాడు దారి పట్టారు. నాగార్జునసాగర్ కాలవలు రావడానికి వందేళ్లకు పైగా ముందు సంగతి. జొన్నకూడు, రాళ్లదారి, మండే ఎండ, చలిజ్వరాలు. అలాంటి చోట, గురజాలలో మకాం పెట్టారు. చిత్రమేమిటంటే, పట్నంలో తెరుచుకోని తలుపులు ఇక్కడ తెరుచుకున్నాయి. అయితే అవి ఊరి మధ్య ఇళ్ల తలుపులు కావు, ఊరి బయట మాలపల్లెల తలుపులు. ఒక్కొక్కరుగా కాక కుటుంబాలకు కుటుంబాలే ముందుకొచ్చాయి.

ఎందుకలా? పల్నాటి కథ తెలిసిన మనకు జవాబు దూరంలో లేదు. కులం ఎంచకుండా అందర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు ఈ నేల మీదే పుట్టింది. మాల కన్నమదాసు సేనాపతి అయ్యింది ఇక్కడే. ఆ కథ పాటగా మిగిలింది గానీ, పల్లె మాత్రం ఊరి బయటే ఉండిపోయింది. గుడి మెట్టెక్కనివ్వని వాళ్ల గడపలోకి ఒక మనిషి తనంతట తాను వచ్చి కూర్చున్నాడు. మీ పిల్లలకూ అక్షరం కావాలన్నాడు. ఆ మాట చెవిని పడ్డ తల్లి ఏమనుకుని ఉంటుంది? ముందు దేవుడి సంగతి కాదు, బిడ్డ సంగతే ఆలోచించి ఉంటుంది. ఏ తల్లయినా అంతే.

అలాగని అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. మతం మారినంత మాత్రాన కూలికి పిలిచే ఆసామి మారడు. కులం పట్టింపులు చర్చి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు ఆగిపోలేదు, లోపలికీ వచ్చాయి. అయినా అక్షరం మాత్రం వచ్చింది, పోలేదు. ఆయన తొక్కిన దారినే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చారు. 1898లో ఆమె తెరిచిన ఆసుపత్రిలో ఏ మతమని చూడకుండా ఎన్ని కాన్పులు జరిగాయో లెక్కలేదు.

1857లో ఆరోగ్యం బాగాలేక హయ్యర్ తిరిగి వెళ్లారు. అక్కడా ఊరుకోలేదు. మిన్నెసోటాలో సంఘాలు కడుతూ గడిపారు. 1869లో రాజమండ్రి మిషన్‌ను ఇక నడపలేమని, ఇంగ్లండు వారి సంఘానికి అప్పగించే ఆలోచనలో పడ్డారు అమెరికా లూథరన్లు. ఈసారి వినిపించుకోనిది పరాయివాళ్లు కాదు, సొంత మనుషులే! డెబ్భై ఆరేళ్ల ముసలాయన లేచి, ఇవ్వడానికి వీల్లేదు, నేనే వెళతానన్నారు. వెళ్లారు కూడా! కొత్త మిషనరీలు వచ్చి పని అందుకునేదాకా ఉండి, 1871లో వెళ్లిపోయారు.

1873 నవంబర్ 7న ఫిలడెల్ఫియాలో ఆయన కన్నుమూశారు. మన దేశానికి మూడుసార్లు వచ్చిన ఆ మనిషిని, పెన్సిల్వేనియాలోని ఫ్రీడెన్స్ అనే చిన్న ఊళ్లో భార్య మేరీ పక్కనే సమాధి చేశారు. ముప్ఫై నాలుగేళ్ల తరువాత ఆమె దగ్గరికి చేరారన్నమాట.

నమ్మకం ఎవరిది వాళ్లకుంటుంది. దాన్ని ఇంకొకరి గుమ్మంలోకి తీసుకెళ్లాలంటే మాత్రం వాళ్ల భాష నేర్చుకోవాలి, వాళ్ల జ్వరానికి మందు తెలియాలి, కాదంటే కోపం తెచ్చుకోకుండా మళ్లీ రాగలగాలి. హయ్యర్ జీవితం చదివాక నాకు మిగిలింది ఇదే. ఎవరు ఏ దేవుడికి దణ్ణం పెట్టినా, పక్కింటి గడప దాటేటప్పుడు మనక్కూడా పనికొచ్చే మాటే కదూ!