దూకే పురుగుల దొరసాని

పోయిన వేసవిలో నెల్లాళ్ళు పుట్టింట్లో ఉండి తిరిగొచ్చాం. కుక్కని మా ఆడపడుచు వాళ్ళింట్లో వదిలాం. పిల్లి మాత్రం పెరట్లోనే ఉంది, పక్కింటి పిన్నిగారు పాలు పోసేవారు. తాళం తీసి హాల్లో అడుగు పెట్టామో లేదో, నల్లటి నలుసుల్లాంటివి ఒక్కసారిగా కాళ్ళ మీదికి దూకాయి. సాయంత్రానికి మా చిన్నదాని పిక్కల నిండా ఎర్రటి దద్దుర్లు! నెల రోజులుగా కుక్క లేని ఇంట్లో కుక్క పురుగులేమిటో నాకు అంతుపట్టలేదు.

ఆ కంగారులో నేను చేసిన తప్పు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. కుక్క మెడ మీద వేసే చుక్కల మందు మిగిలి ఉంటే, పిల్లికీ అదే వేశాను. రాత్రికి పిల్లి వణకడం మొదలెట్టింది. తెల్లారేసరికి ప్రాణం పోయింది. అందులో పెర్మెత్రిన్ ఉందనీ, కుక్క తట్టుకునే ఆ మందు పిల్లికి విషమనీ పశువుల డాక్టరుగారు చెబితే తెలిసింది. సీసా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. నేనే చదవలేదు.

అప్పట్నుంచి ఈ పురుగు సంగతేమిటో తేల్చుకోవాలని కనిపించిందల్లా చదివాను. ఆ చదువులో తగిలిందే మిరియం రాత్‌స్‌చైల్డ్ అనే ఇంగ్లండు ఆవిడ. ఈ పురుగుల మీదే జీవితంలో పెద్ద భాగం గడిపిందంటే మొదట నవ్వొచ్చింది. చదివే కొద్దీ నవ్వు పోయింది.

ముందో మాట. కుక్క ఒంటి మీద కనిపించేవాటన్నిటినీ మనం గోమార్లు అనేస్తాం. రక్తం తాగి బఠాణీ గింజలా ఉబ్బి, ఒకేచోట పట్టుకుని ఉండేవి గోమార్లు, పిడుదులు. వాటికి ఎనిమిది కాళ్ళు. బొచ్చులో పరుగెత్తి చటుక్కున దూకేవి వేరు. వాటికి ఆరు కాళ్ళే, రెక్కలుండవు. ఇంగ్లీషులో ఫ్లీ అంటారు. మిరియం చదివింది ఈ రెండో రకాన్ని.

ఆవిడ 1908లో పేరుమోసిన బ్యాంకర్ల కుటుంబంలో పుట్టింది. తండ్రి చార్లెస్ పగలు బ్యాంకు పని చూసుకుంటూ, తీరిక దొరికితే ఫ్లీలు ఏరుకునేవాడు. ఎలుకల నుంచి మనుషులకి ప్లేగు తెచ్చే ఫ్లీని సూడాన్‌లో సేకరించి, 1903లో శాస్త్రీయంగా వర్ణించి, ఈజిప్టు రాజు పేరు మీదుగా చియోపిస్ అని పేరు పెట్టింది ఆయనే. అంతకు అయిదేళ్ళ ముందే, 1898లో, పాల్ లూయీ సీమోన్ అనే ఫ్రెంచి డాక్టరు మన ఉపఖండంలోని కరాచీలోనే ప్లేగుకి ఎలుకల ఫ్లీ వాహకమని ప్రయోగం చేసి చూపించాడు. ఎలుక చచ్చి చల్లబడగానే దాని మీద ఉన్న పురుగు వేరే ఒంటిని వెతుక్కుంటుంది. ఎలుకలు రాలిన ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయేవాళ్ళని మా నాయనమ్మ చెప్పే కథలకి అర్థం నాకు అప్పుడు తెలిసింది.

తండ్రి మిరియంని బడికి పంపలేదు. బడికెళితే పిల్లలకి ప్రకృతి మీద ఉన్న ఇష్టం చచ్చిపోతుందని ఆయన నమ్మకం. సీతాకోకచిలుకలు, పురుగులే ఆమె పాఠాలు. ఆమెకి పదిహేనేళ్ళప్పుడు, 1923లో, దీర్ఘకాలం జబ్బుతో నలిగిన ఆ తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ పిల్ల పురుగుల వైపు చూడ్డమే మానేసింది. రెండేళ్ళ తర్వాత తమ్ముడు విక్టర్ సెలవుల్లో ఇంటికొచ్చి, కప్పని కోసి చూడాల్సిన బడిపని చేసిపెట్టమంటే సాయం పట్టింది. అంతే, మళ్ళీ ఆ దారిలో పడింది.

తర్వాత ప్లిమత్ సముద్రతీర పరిశోధనశాలలో నత్తల్లో ఉండే పరాన్నజీవుల మీద ఏడేళ్ళు పనిచేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి ఆ పనంతా బుగ్గిపాలైంది. యుద్ధంలో శత్రువుల రహస్య సందేశాలు ఛేదించే బ్లెచ్లీ పార్కులో పనిచేసింది. 1943లో జార్జ్ లేన్ అనే సైనికాధికారిని పెళ్ళి చేసుకుంది. 1957లో విడిపోయారు.

ఆరుగురు పిల్లలు, అందులో ఇద్దరు పెంచుకున్నవాళ్ళు. అంతమందితో రోజూ ఇల్లు వదిలి వెళ్ళడం కుదరదు కదా! మైక్రోస్కోపు ఇంట్లోనే పెట్టుకుని, పిల్లలు పడుకున్నాక కూర్చునేది. పెంచుతున్న ఫ్లీలని సంచుల్లో కట్టి తన పడగ్గదిలోనే ఉంచేది, పిల్లలు కదిలించకుండా! డబ్బున్న ఇల్లు, పనివాళ్ళున్నారు, అది నిజమే. మనకి అలా కుదరదు. కానీ డబ్బున్న వాళ్ళందరూ రాత్రిళ్ళు పురుగుల కాళ్ళు లెక్కపెట్టరు గదా.

తండ్రి పోగేసి మ్యూజియానికి ఇచ్చిన ఫ్లీలు సుమారు 2,60,000. వాటిని వర్గాలుగా వర్ణిస్తూ హాప్‌కిన్స్ అనే శాస్త్రవేత్తతో కలిసి పట్టిక తయారుచేసింది. మొదటి సంపుటి 1953లో వచ్చింది, అయిదోది 1971లో.

నాకు అన్నిటికన్నా వింతగా తోచింది కుందేలు ఫ్లీ కథ. ఆ ఆడపురుగు ఊరికే గుడ్లు పెట్టదు. కుందేలు కడుపుతో ఉంటే, కాన్పు దగ్గరపడే కొద్దీ దాని రక్తంలో మారే హార్మోన్లు తాగి పురుగుకీ గుడ్లు తయారవుతాయి. కుందేలు ఈనగానే పురుగులు పిల్లల మీదికి దూకి, అక్కడ జత కట్టి గూట్లో గుడ్లు పెడతాయి. తల్లి నెలలు నిండడం పురుగుకి తెలుస్తుందన్నమాట! 1960లలో ఈ సంగతి బయటపెట్టిన వాళ్ళలో ఈ పిల్లల తల్లి ముఖ్యురాలు. ఆ దూకుడు కిటుకునీ ఈవిడ బృందం పట్టి చూసింది. ఫ్లీల పూర్వీకులకి రెక్కలుండేవట. రెక్కల మొదట్లో ఉండే రెజిలిన్ అనే రబ్బరు లాంటి పదార్థం, రెక్కలు పోయినా ఒంట్లో మిగిలి, వెనక కాళ్ళని ఉండేలులా విసురుతుంది.

ఇక మా ఖాళీ ఇంటి మాటకొస్తాను. ఫ్లీ గుడ్లు కుక్క ఒంటికి అంటుకుని ఉండవు, జారి చాప మీద, గచ్చు పగుళ్ళలో, పెరటి నీడలో పడతాయి. వాటిలోంచి వచ్చిన పురుగులు దుమ్ములో పెరిగి గూడు కట్టుకుంటాయి. ఆ గూట్లో నెలల తరబడి కదలకుండా ఉండి, అడుగుల చప్పుడు, ఒంటి వేడి తగలగానే బయటికొస్తాయి. నెల్లాళ్ళు తాళం వేసిన మా ఇంట్లో మా అడుగులే వాటికి పిలుపు. గూట్లో ఉన్నదాన్ని మందూ అంత తేలిగ్గా తాకదు. అందుకే ఒక్కసారి మందు కొట్టి ఊరుకుంటే మళ్ళీ వస్తాయి.

గోమార్ల తీరు వేరు. మన ఇళ్ళలో కుక్కలకి పట్టే గోధుమరంగు గోమారి రక్తం తాగి జారిపడి, గోడ పగుళ్ళలో, కుక్క పడుకునే చోట వేల గుడ్లు పెడుతుంది. కుక్కకి ప్రమాదకరమైన జ్వరాలూ అంటిస్తుంది. దాన్ని పీకాలంటే చర్మానికి ఆనించి చిమటాతో పట్టుకుని నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వేళ్ళతో నలపడం వద్దు.

మిరియం పెద్దతనంలో యాష్టన్ వోల్డ్‌లోని తన ఇంటి చుట్టూ గడ్డి కోయించడం మానేసి, అడవిపూలు పెంచింది. ఇంటిని తీగలు కప్పేశాయట. ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినలేను తల్లీ! పిల్లలు ఆడే పెరట్లో గడ్డి పొట్టిగా ఉండాల్సిందే, కట్టెల మోపులు గోడ వారగా పేరుకోకూడదు. పొలానికి కొట్టే పురుగుమందు మాత్రం పెరట్లో చల్లకండి. అది పిల్లల చేతులకీ, పిల్లి పాదాలకీ అంటుకుంటుంది.

1985లో ఆవిడ రాయల్ సొసైటీ సభ్యురాలైంది, 2000లో డేమ్ బిరుదు వచ్చింది. బడి మొహం చూడని మనిషికి ఎనిమిది గౌరవ డాక్టరేట్లు. 2005 జనవరిలో, 96 ఏళ్ళ వయసులో పోయింది.

మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం పని అదే. కుక్క చాప వేడినీళ్ళలో ఉతికి ఎండేస్తాం, పగుళ్ళలో దుమ్ము ఊడ్చి బయట పారేస్తాం, డాక్టరు తూకం చూసి చెప్పిన మందే వేస్తాం. మా చిన్నది పళ్ళు దగ్గరగా ఉన్న దువ్వెనతో కుక్కని దువ్వి, రాలినవాటిని సబ్బునీళ్ళ గిన్నెలో వేస్తుంది. వేసే ముందు ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి వెనక కాళ్ళు చూస్తుంది. నేను ఏమీ అనను.